కవిసార్వభౌముడూ, మా పల్నాటి జొన్నకూడూ

మా పల్నాడు వాళ్ళకి శ్రీనాథుడంటే కాస్త కోపం, కాస్త గర్వం. కోపమెందుకంటే, ఆరొందల ఏళ్ళ నాడు ఇటువైపు వచ్చి, మా నీళ్ళనీ, మా తిండినీ, ఆఖరికి మా రాళ్ళనీ వెక్కిరించి పోయాడు. గర్వమెందుకంటే, మా వీరుల కథని తెలుగువాళ్ళందరికీ చెప్పిందీ ఆయనే. గుంటూరు, నరసరావుపేట పక్క నుంచి వచ్చే చుట్టాలు విస్తరి ముందు కూర్చుని ఆయన పద్యం ఒకటి అందుకోవడం, మేం మూతి ముడుచుకోవడం మా ఇళ్ళల్లో మామూలే. 1993లో బాపు గారు తీసిన శ్రీనాథ కవిసార్వభౌమ సినిమాలో రామారావు గారిని ఆ వేషంలో చూశాక, ఆయనంటే మా ఇంట్లో పిల్లలకి కూడా ఓ రూపం ఏర్పడింది.

శ్రీనాథుడి జీవితం మగవాళ్ళు చాలామంది రాశారు. ఆస్థానాలూ, వాదాలూ, బిరుదులూ వాళ్ళు చెప్పారు. నూజెండ్లలో పొయ్యి దగ్గర నిలబడి ఆలోచించే నాలాంటి దానికి మాత్రం ఆయన జీవితం మరో దారిన కనిపిస్తుంది. ఆయన ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఎవరు వండి పెట్టారు, ఎవరు వడ్డించారు? ఈ దారిన వెళ్ళినా ఆయన కథ మొత్తం చెప్పుకోవచ్చు.

భోగాల పుట్టిల్లు

శ్రీనాథుడు 14వ శతాబ్దం చివరి భాగంలో పుట్టి, 15వ శతాబ్దం నడిమి దాకా జీవించాడు. తల్లి భీమాంబ, తండ్రి మారయ. తాతగారు కమలనాభామాత్యుడు సముద్రం ఒడ్డున ఉన్న కాల్పట్టణానికి అధికారి, స్వయంగా కవి. అంటే పుట్టినింటి నుంచే చదువూ ఉంది, దర్జా ఉంది. చిన్నతనంలోనే మరుత్తరాట్చరిత్ర రాశాడు. మీసాలు మొలిచే వయసులో శాలివాహన సప్తశతి తెలుగు చేశాడు. ఆ రెండూ మనకి దక్కలేదు. నిండు యౌవనంలో శృంగార నైషధం రాశాడు. మనం పిల్లల వయసుల్ని పళ్ళొచ్చిన ఏడాది, బళ్ళో వేసిన ఏడాది అని గుర్తు పెట్టుకున్నట్టు, ఆయన తన వయసుని తన పుస్తకాలతో లెక్క పెట్టుకున్నాడు.

కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేమారెడ్డి 1402 నుంచి 1420 దాకా పాలించాడు. ఆయన దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి. కవుల్నీ, పండితుల్నీ పరీక్షించి సత్కారాలు నిర్ణయించే కొలువు అది. శాసనాలు కూడా రాసేవాడు. మా నరసరావుపేట దారిలోని ఫిరంగిపురం శాసనం ఆయన రచనే. ఆ ప్రాంతంలోనే వేమారెడ్డి రాణి సూరాంబ సంతానసాగరం అనే చెరువు తవ్వించింది. రాజులు కోటలు కట్టించే రోజుల్లో ఓ ఇల్లాలు నీళ్ళ సంగతి ఆలోచించింది చూశారా? నీళ్ళకి కటకట పడే మావైపు వాళ్ళకే తెలుస్తుంది ఆ పని విలువ.

ఆ రోజుల్లో కొండవీడంటే సామాన్యమా! ఓడల వ్యాపారి అవచి తిప్పయశెట్టి శ్రీనాథుడికి చిన్ననాటి స్నేహితుడు. హరవిలాసం ఆయనకే అంకితమిచ్చాడు. ఆ పుస్తకం మొదట్లో శెట్టిగారు ఎక్కడెక్కడి నుంచి ఏమేం తెప్పించేవాడో కవి వరుసగా చెబుతాడు. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, గోవా నుంచి పరిమళ ద్రవ్యాలు, చీనా నుంచి పట్టు, ఇంకా కర్పూరం, ముత్యాలు, కస్తూరి. వీటి మధ్య తిరిగిన మనిషికి నాలుకా, ముక్కూ ఎంత సున్నితంగా తయారై ఉంటాయో ఆలోచించండి. తర్వాత రోజుల్లో ఓ దొర దగ్గరికి వెళ్ళి, మాన్యాలూ కాదు, మాడలూ కాదు, కస్తూరి భిక్ష పెట్టమని అడిగాడట. వాసన కోసం చెయ్యి చాచిన భోగి ఆయన!

భోజనం సంగతి వస్తే ఇహ చెప్పక్కర్లేదు. నైషధంలో నలదమయంతుల పెళ్ళి విందు చదువుతుంటే మనకే కడుపు నిండిపోతుంది. క్రీడాభిరామం అని ఓ చిన్న పుస్తకం ఉంది. మా పక్క ఊరి పేరే ఇంటిపేరైన వినుకొండ వల్లభరాయుడి పేర అది నడుస్తోంది. కానీ శ్రీనాథుడే రాసి ఉంటాడని వాదించే పండితులూ ఉన్నారు. అందులో ఓరుగల్లులో ఓ పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకి పెట్టే భోజనం ఉంది. సువాసన బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, గడ్డ పెరుగు. కాలం మారింది గానీ మనిషి ఆశ మారలేదు. ఇవాళ హోటల్లో ఫుల్ మీల్స్ బోర్డు ముందు నిలబడ్డవాడి మనసే అది కూడా.

రాజ్యం పోయింది, విస్తరి మారింది

పెదకోమటి వేముడి తర్వాత రాచవేముడు వచ్చాడు. నాలుగేళ్ళే ఏలాడు. ఆయన పురిటి సుంకం వేశాడని మావైపు కథ చెప్పుకుంటారు. బిడ్డ పుడితే పన్ను! భార్య పురుడు పోసుకున్న ఇంటికి పన్ను కోసం వచ్చి పీడిస్తే తట్టుకోలేక, సవరం ఎల్లయ్య అనే అతను ఆ రాజునే పొడిచి చంపాడట. కథలో నిజమెంతైనా, ఆడవాళ్ళ పురిటి మంచం దగ్గరికి వచ్చిన రాజ్యం ఎక్కువ కాలం నిలవదని జనం నమ్మారన్నమాట. 1424 నాటికి కొండవీటి రెడ్ల రాజ్యం ముగిసింది.

కొలువు పోయిన కవికి ఊళ్ళు తిరగక తప్పలేదు. ఇక్కడి నుంచి శ్రీనాథుడి జీవితం మనకి ఎక్కువగా చాటువుల్లో కనిపిస్తుంది. దారిలో పడ్డ కష్టానికో, కనిపించిన వింతకో అప్పటికప్పుడు చెప్పిన పద్యాలు అవి. జనం నోట నిలిచాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటి వాళ్ళు ఊరూరా ఏరి అచ్చు వేయించారు. ఆయన పేర ఉన్నవన్నీ ఆయనవే అని పండితులు ఒప్పుకోరు. కానీ ఒక మనిషి పేరు చెప్పగానే జనానికి తిండి పద్యాలే గుర్తొచ్చాయంటే, ఆ మనిషి స్వభావం అందులో ఎంతో కొంత ఉండే ఉంటుంది.

పల్నాడు వచ్చిన శ్రీనాథుడికి మొట్టమొదట ఎదురైంది దాహం. నీళ్ళు దొరక్క శివుణ్ణి పట్టుకుని దెప్పాడట. బిచ్చమెత్తుకునే నీకు ఇద్దరు పెళ్ళాలు ఎందుకయ్యా, పార్వతిని ఉంచుకుని గంగని ఇటు వదలమని దాని తాత్పర్యం. నవ్వొస్తుంది. నవ్వాక గొంతులో తడి ఆరిపోతుంది. బిందె చంకన పెట్టుకుని మైలు దూరం నడిచిన మా అమ్మమ్మల తరం ఇదే మాట మరోలా అనుకుని ఉంటుంది, పద్యం కట్టడానికి తీరిక లేదంతే.

తర్వాత జొన్నకూడు. విస్తట్లో జొన్న అన్నం, పక్కన చింతాకు వేసి వండిన బచ్చలికూర. కవిగారికి ముద్ద దిగలేదు. ఈసారి కృష్ణుడి మీద పడ్డాడు. పూతన పాలు తాగానని, కార్చిచ్చు మింగానని గొప్పలు పోతావే, ఈ కూరతో ఈ కూడు ఒక్క ముద్ద మింగు చూద్దాం అని సవాలు చేశాడు.

ఈ పద్యం విని నవ్వే వాళ్ళెవరూ ఆ విస్తరిని వంటమనిషి కంటితో చూడలేదు. నేను చూశాను. జొన్న పొడిగా, గట్టిగా ఉండే ధాన్యం. వేడి మీద తింటే కమ్మన, చల్లారితే రాయి. దాన్ని గొంతులోంచి దింపాలంటే రెండు కావాలి, జారుడూ, పులుపూ. బచ్చలిలో జారుడు ఉంది. చింతాకులో పులుపు ఉంది. నూనె చుక్క లేని ఇంట్లో, పప్పు నిండుకున్న రోజుల్లో, ఇంతకన్నా తెలివైన జోడింపు ఏ వంటల పుస్తకం చెప్పగలదు? ఆ కూర వండిన ఇల్లాలికి శాస్త్రం తెలియదు గానీ సంగతి తెలుసు.

ఇంకొకటి. చింత చెట్టు లేత ఆకు వేసేది ఎండలు ముదిరే వేళ, ఫాల్గుణం, చైత్రం రోజుల్లో. అప్పుడు మావైపు చేలల్లో ఆకుకూర అనేది కనబడదు. జలదారి దగ్గర, అంట్లు తోమిన నీళ్ళు పారేచోట పాకే బచ్చలి ఒక్కటే పచ్చగా ఉంటుంది. అంటే కవిగారు నట్టెండాకాలంలో వచ్చాడన్నమాట! దాహం పద్యానికీ, కూర పద్యానికీ లెక్క సరిపోయింది. ఇంట్లో ఏమీ లేని కాలంలో, ఎవరో తెలియని బాటసారికి, ఉన్నదాంట్లో కూర చేసి మరీ పెట్టింది ఒక పల్నాటి ఆడది. బహుశా వేళ దాటాక వచ్చి ఉంటాడు. చల్లారిన జొన్న అన్నం గట్టిపడి ఉంటుంది. తప్పు జొన్నదీ కాదు, ఆమెదీ కాదు.

ఆ ముద్ద వెనక ఎంత పని ఉందో కూడా చెప్పుకోవాలి. జొన్నలు తడి చల్లి రోట్లో పోసి దంచాలి. చెరగాలి. మళ్ళీ దంచాలి. నూక వేరు, పిండి వేరు చెయ్యాలి. తెల్లవారుజామున కోడి కన్నా ముందు రోకలి చప్పుడు వినిపించేది పల్లెల్లో. వరి అన్నం కన్నా ఎక్కువ సేపు పొయ్యి దగ్గర నిలబడి, అడుగంటకుండా తిప్పాలి. ఇంత చేస్తే, అతిథి గారి మెప్పు అదీ!

రంభ ఏకులు వడికితే తప్పేమిటి?

పల్నాడుకి రసికుడనేవాడు పోడని ఇంకో చాటువు ఉంది. ఇక్కడికి వస్తే రంభ అయినా ఏకులు వడకాల్సిందేనట, రాజైనా నాగలి పట్టాల్సిందేనట, మన్మథుడైనా జొన్నకూడే తినాలట. ఇది తిట్టని అందరూ అనుకుంటారు. నాకైతే ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ మా ఊళ్ళకి ఎవరూ ఇవ్వలేదనిపిస్తుంది. అందగత్తె కదా అని రంభని కూర్చోబెట్టి మేపరు, దొర కదా అని రాజుకి వేరే వంట చెయ్యరు. అందరూ పని చేస్తారు, అందరూ ఒకటే తింటారు. పత్తి మా నేల పంట. ఏకులు చేసి, నూలు వడికి, ఆ డబ్బుతో ఉప్పూ పప్పూ కొన్న ఆడవాళ్ళ మీద ఈ సంసారాలు నిలబడ్డాయి. కవికి ఎగతాళిగా తోచింది, మనకి చరిత్రగా మిగిలింది.

చల్ల అంబలీ, వెల్లుల్లీ

పడమటి దారి పట్టి శ్రీనాథుడు విజయనగరం వెళ్ళాడు. అప్పుడు అక్కడ రాజు ప్రౌఢదేవరాయలు. సంస్కృత పండితుడు గౌడ డిండిమభట్టు ఆస్థానంలో కంచుఢక్క మోగించి మరీ తిరిగే దిట్ట. ఆయన్ని ఓడించాలని మన కవి కోరిక. కానీ రాజ దర్శనమే దొరకదు. తెలియని భాష, తెలియని వేషం, తెలియని తిండి. కన్నడ రాజ్యలక్ష్మికి ఆయన పెట్టుకున్న మొర కూడా తిండి చుట్టూనే తిరుగుతుంది. నెత్తిన కుళ్ళాయి పెట్టుకున్నాడట, పొడుగు అంగీ తొడుక్కున్నాడట, వెల్లుల్లితో తెలకపిండి తిన్నాడట, చల్ల అంబలి తాగాడట. అదీ ఓ విధవరాలు వడ్డిస్తే తిన్నాడట. ఇన్ని కష్టాలు పడ్డాను, నేను శ్రీనాథుణ్ణి, దయ చూడమ్మా అని.

ఆగండి. ఇందులో కష్టం ఏది? ఎండన పడి వచ్చినవాడికి పులిసిన అంబలిలో మజ్జిగ కలిపి ఇస్తే అది శిక్షా? రాత్రి పిండి కాచి కుండలో పెడితే తెల్లారేసరికి కాస్త పులుపెక్కుతుంది. ఉప్పు వేసి, మజ్జిగ పోసి, ముంతెడు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి అనిపించదు, ఎండ తెలియదు. బియ్యం కడుగు పులియబెట్టి చేసే తరవాణీ ఈ జాతిదే. ఇహ తెలకపిండి సంగతి మీకు నేను చెప్పేదేముంది! నువ్వులు గానుగాడగా మిగిలిన పిండి. నానిన పెసరపప్పో, మునగాకో వేసి, మరిగే నీళ్ళలో తెలకపిండి చల్లి దగ్గరకి వచ్చేదాకా ఉడికించి, వెల్లుల్లి దండిగా వేసి పోపు పెడితే, బాలింతకి పాలు పడతాయని మన పెద్దవాళ్ళు కావాలని పెట్టేవాళ్ళు. పురుడు పోసుకున్న కూతురికి అమ్మ ప్రేమగా కలిపి పెట్టే ముద్ద అది. కవిగారి లెక్కలో అది అవమానం!

విదేశాల్లో ద్రాక్ష సారాయాన్ని తిండితో జత చెయ్యడం ఓ పెద్ద విద్య. ఫలానా చేపకి తెల్లది, ఫలానా మాంసానికి ఎర్రది అంటారు. ఫ్రాన్సులో ఏ ఊరి ద్రాక్ష సారాయానికి ఆ ఊరి జున్నే సరైన జోడీ అని నమ్మేవాళ్ళు ఎందరో. ఒకే మట్టిలో పుట్టినవి నోట్లో కూడా కలిసిపోతాయని వాళ్ళ సూత్రం. మన పూర్వులు కూడా మద్యాన్ని గౌడి, పైష్టి, మాధ్వి అని విడదీశారు. బెల్లంతో చేసింది, పిండితో చేసింది, ఇప్పపువ్వుతోనో తేనెతోనో చేసింది. కానీ సారా అంటే 1992లో దూబగుంట ఆడవాళ్ళు కొంగు బిగించిన రాష్ట్రం మనది. ఆ ఉద్యమం వల్లే 1993 అక్టోబరు 1 నుంచి సారాయి ఆగింది. అంచేత ఆ రుచుల లోతుకి నేను పోను. నేననేది ఒక్కటే. పులిసిన జొన్న, రాగి అంబలికి వెల్లుల్లి తెలకపిండి నంజుడు పెట్టిన ఆ చెయ్యి కూడా అదే సూత్రం తెలిసిన చెయ్యి. చల్లనిదానికి ఘాటు, పుల్లనిదానికి కమ్మదనం. మెట్ట చేను ఇచ్చిన గింజకి మెట్ట చేను ఇచ్చిన నువ్వు తోడు.

ఆ వడ్డించిన ఆమె గురించి కూడా నాకు బాధ ఉంది. ఆమె ఎవరో, ఏ ఊరిదో, ఎన్నేళ్ళకి మొగుడు పోయాడో కవికి పట్టలేదు. ఆమె చేతి కూడు తినడం కూడా ఆయన కష్టాల జాబితాలో చేరింది. కాలం అలాంటిది అని సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేను. ఆ పూట అంతటి మహాకవి ఆకలి తీర్చింది ఆమె. కనకాభిషేకం దాకా నడిచిన కాళ్ళలో ఆమె పోసిన అంబలి బలమూ ఉంది.

అవును, కనకాభిషేకం జరిగింది. డిండిమభట్టుని వాదంలో గెలిచి, ఆయన కంచుఢక్క పగలగొట్టించి, కవిసార్వభౌముడని బిరుదు పొందాడు. ముత్యాలశాలలో రాయలు బంగారు నాణేలతో స్నానం చేయించాడు. తెలుగు కవికి అంతటి వైభవం అంతకు ముందు లేదు.

అన్నం పెట్టి మందలించిన తల్లి

రాజమహేంద్రవరం రెడ్డిరాజుల దగ్గర శ్రీనాథుడి పెద్ద వయసు గడిచింది. మంత్రి బెండపూడి అన్నయకి భీమేశ్వర పురాణం, వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడు. భీమేశ్వర పురాణం ద్రాక్షారామం కథ. పేరులో ద్రాక్ష వినిపిస్తుంది గానీ అది దక్షుడి ఆరామం, ద్రాక్షతోట కాదు.

ఈ పుస్తకాల్లో ఓ కథ ఉంది. ఆడవాళ్ళందరూ చదవాలి. వ్యాసుడు శిష్యులతో కాశీలో ఉంటాడు. వరసగా భిక్ష దొరకదు. ఆకలితో కళ్ళు తిరిగి, కోపంతో ఊరినే శపించబోతాడు. అప్పుడు ఓ ఇంటి గుమ్మంలోంచి పెద్ద ముత్తైదువ ఒకామె పిలుస్తుంది. ఒక్కపూట తిండి లేకపోతే ఊరిని తిడతావా, ఇదేనా నీ చదువు అని మందలిస్తుంది. మందలించి ఊరుకోదు, శిష్యులందరితో సహా కూర్చోబెట్టి కడుపు నిండా భోజనం పెడుతుంది. ఆమె విశాలాక్షి, సాక్షాత్తూ పార్వతి.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మా జొన్నకూడు గుర్తొస్తుంది. ఆకలి మీద ఊరిని తిట్టింది వ్యాసుడొక్కడేనా? పల్నాటి దారిలో తిట్టిన మనిషే, ఆ తిట్టుకి జవాబు చెప్పే ఇల్లాలిని ఇంత గొప్పగా నిలబెట్టాడు. కథ పురాణంలోదే కావచ్చు. కానీ గుమ్మంలో నిలబడి మాట్లాడే ఆ తల్లి గొంతులో ఆయన దారి పొడుగునా చూసిన గృహిణులందరి గొంతూ వినిపిస్తుంది నాకు.

కాశీఖండంలోని గుణనిధి కథ మనలో చాలామంది బళ్ళో చదువుకున్నాం. జూదరి కొడుకు తప్పుల్ని తండ్రికి తెలియకుండా దాచే తల్లి, చివరికి ఇంటి ఉంగరం జూదగాడి వేలికి కనబడి గుట్టు బయట పడడం. కొడుకుని కాపాడుకోబోయి పాడు చేసుకున్న తల్లి గుండె ఎలా ఉంటుందో శ్రీనాథుడికి తెలుసు. భోగి, కొంటెవాడు అని ఆయన్ని తేల్చేసే వాళ్ళు ఈ తల్లుల్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఒకే చాప మీద

పల్నాటి వీరచరిత్ర శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యం. 12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన అన్నదమ్ముల పోరు. కోడిపందెంలో ఓడి అడవులు పట్టడం, కారెంపూడిలో యుద్ధం, అందరూ చావడం. అప్పటిదాకా ఆయన పుస్తకాలు ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చినవి, పెద్ద పెద్ద సమాసాలవి. ఇది మాత్రం పల్లె గొంతుతో పాడుకునే కథ. ఇందులో ఆడవాళ్ళు పక్కన కూర్చునే బొమ్మలు కారు. రాజ్యం నడిపిన నాయకురాలు నాగమ్మ ఉంది. కొడుకుని యుద్ధానికి పంపలేక పంపిన ఐతాంబ ఉంది. కాపరానికి వచ్చిన భర్తని కర్తవ్యం గుర్తు చేసి సాగనంపిన మాంచాల ఉంది.

ఈ కథలోని బ్రహ్మనాయుడి పేరు చెప్పగానే మాకు గుర్తొచ్చేది చాపకూడు. అన్ని కులాల వాళ్ళూ ఒకే చాప మీద, ఒకే కూడు తినడం. కన్నమదాసుని కొడుకుగా చూసుకున్న నాయుడి పంక్తి అది. ఈనాటికీ కార్తీకంలో కారెంపూడిలో, నాగులేటి పక్కన, 5 రోజులు పల్నాటి వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. చాపకూడు అందులో భాగం. పక్కవాడు ఎవరని అడగకుండా ముద్ద అందుకుంటారు.

ఎక్కడి కర్పూర భోజనం, ఎక్కడి చాపకూడు! మా తిండిని తిట్టిన మనిషే మా తిండిలోని గొప్పదనాన్ని కథలో పెట్టి పోయాడు. అప్పుకి వడ్డీ కూడా తీర్చినట్టే అనుకుంటాను.

నువ్వులు తినిపోయిన పిట్టలు

ఆశ్రయమిచ్చిన రాజులు ఒక్కరొక్కరే పోయారు. వీరభద్రారెడ్డి లేడు, రాయలు లేడు, తిప్పయశెట్టి లాంటి స్నేహితులు లేరు. ఒరిస్సా గజపతులు తీరాంధ్రని ఆక్రమించారు. ముసలి కవికి కొలువు లేదు. కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకి తీసుకుని సేద్యం మొదలుపెట్టాడు. కలం పట్టిన చెయ్యి మేడి పట్టింది. పల్నాడులో రాజైనా దున్నాల్సిందేనని నవ్విన మాట ఆయనకే తగిలింది.

సేద్యం కలిసి రాలేదు. కొంత పంట కృష్ణ వరదలో పోయింది. మిగిలిన నువ్వులూ, పెసలూ పిట్టలు తినిపోయాయి. కట్టాల్సిన గుత్త 700 టంకాలు. కట్టలేకపోయాడు. రాయల ముత్యాలశాలలో బంగారంతో తడిసిన మనిషిని, ఊరి మధ్య ఎండలో నిలబెట్టి భుజాన నల్లటి బండరాయి ఎత్తారు. ఈ కష్టం కూడా ఆయన పేర పద్యాలుగా మిగిలింది. అందులోనూ ఏడుపు తక్కువ, ఠీవి ఎక్కువ. స్వర్గంలోని కవుల గుండెలు ఝల్లుమనేలా శ్రీనాథుడు అక్కడికి బయల్దేరుతున్నాడని చెప్పి మరీ వెళ్ళిపోయాడు.

నన్ను ఆ నువ్వులు వదలవు. తెలకపిండి తినాల్సి వచ్చిందని కన్నడ దేశంలో నొచ్చుకున్నవాడు, చివరికి నువ్వుల చేను కాపలా కాశాడు. పిట్ట తిన్న ఒక్కో గింజా లెక్క పెట్టుకున్నాడు. పండించేవాడికే తెలుస్తుంది గింజ విలువ. ఆ చివరి రోజుల్లో ఎవరైనా ముంతెడు చల్ల అంబలి పోసి, పక్కన ఇంత తెలకపిండి పెట్టి ఉంటే, ఆయన నోటికి అమృతంలా ఉండేదనే నా నమ్మకం.

గింజ తిరిగి వచ్చింది

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలవలకి నీళ్ళు వదిలారు. శ్రీనాథుడు శివుణ్ణి అడిగిన గంగ మా సీమకి కృష్ణ రూపంలో వచ్చింది. నీళ్ళతో పాటు వరి వచ్చింది. జొన్నకూడు తినేవాళ్ళమని చెప్పుకోవడం నామోషీ అయిపోయింది. రోళ్ళు పెరట్లో బోర్లించారు. 2022లో పల్నాడు పేరుతో జిల్లా కూడా వచ్చింది. మరుసటి ఏడాది, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. డాక్టర్లు షుగరు ఉన్నవాళ్ళకి జొన్నరొట్టె తినమంటున్నారు. పట్నంలో రాగి అంబలి గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారు. ఆరొందల ఏళ్ళ కిందటి వెక్కిరింత ఇవాళ ఆరోగ్య సలహా అయింది.

ఆ నాటి పల్నాటి ఇంట్లో ఏం వండుకునేవాళ్ళో ఏ శాసనమూ చెప్పదు. శాసనాల్లో మాన్యాలుంటాయి, దానాలుంటాయి, కూరలుండవు. చింతాకు బచ్చలి, జొన్నకూడు, చల్ల అంబలి, వెల్లుల్లి తెలకపిండి. వీటి పేర్లు మనదాకా వచ్చాయంటే, ఒక భోగి నాలుక నొచ్చుకుని పద్యం చెప్పినందువల్లే. పేరు కూడా తెలియని ఆ ఆడవాళ్ళ వంట, వాళ్ళని మెచ్చని కవి దయవల్ల బతికింది. అందుకే నాకు ఆయన మీద కోపం సగమే.

ఈసారి ఎండలు ముదిరి, చింత లేత ఆకు వేసినప్పుడు మీరు ఓ పని చెయ్యండి. గుప్పెడు చింతాకు, ఓ కట్ట బచ్చలి ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో పోపు పెట్టండి. జొన్న అన్నం వేడివేడిగా, పొగలు వస్తుండగా వడ్డించండి, చల్లారనివ్వొద్దు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మీరే తీర్పు చెప్పండి, ఆ పూట న్యాయం కవిసార్వభౌముడిదో, వండి పెట్టిన పల్నాటి ఇల్లాలిదో.